ఉన్న పనిలో నిలబడాలా, దారి మార్చాలా: ఏఐ కాలంలో ఉద్యోగ ఎంపిక

ఏఐ వల్ల మీ ఉద్యోగం పోతుందా అని అడిగితే నిక్కచ్చిగా చెప్పగలవారు లేరు. చెప్పగలమన్నవారి అంచనాలకే ఒకదానితో ఒకటి పొంతన కుదరదు. 2013లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన కార్ల్ ఫ్రే, మైఖేల్ ఓస్బోర్న్ 702 వృత్తులను పరిశీలించి, అమెరికాలో 47 శాతం ఉద్యోగాలకు యాంత్రీకరణ ముప్పు ఎక్కువగా ఉందన్నారు. మూడేళ్ల తర్వాత, ప్రధానంగా సంపన్న దేశాలు సభ్యులుగా ఉన్న ఓఈసీడీ అనే ఆర్థిక సంస్థ కోసం జరిగిన మరో అధ్యయనం 21 దేశాలను చూసి, సగటున 9 శాతమే అని తేల్చింది. ఇంత తేడా ఎందుకొచ్చింది? మొదటివారు వృత్తి మొత్తాన్ని ఒకే ముద్దగా తూచారు. రెండోవారు ఆ వృత్తిలో మనిషి రోజంతా చేసే పనులను విడదీసి తూచారు.

ఇది పండితుల మధ్య చర్చగా వదిలేయవలసిన విషయం కాదు. ఉద్యోగం మానాలా, కొత్త చదువు చదవాలా, ఉన్నచోటే ఉండి కొత్త పనిముట్టు నేర్చుకోవాలా అని సతమతమవుతున్న మనిషికి ఇక్కడే మొదటి మెట్టు ఉంది. "అకౌంటెంట్లకు భవిష్యత్తు ఉందా?", "అనువాదకుల పని అయిపోయిందా?" అన్న ప్రశ్నలకు పనికొచ్చే జవాబు దొరకదు. మీ వారంలో ఏ గంటలు యంత్రానికి పోతాయి, ఏ గంటలు మీ దగ్గర మిగులుతాయి అన్న ప్రశ్నకు దొరుకుతుంది. ఆ జవాబు చేతిలో ఉంచుకుని, ముందున్న దారులను పక్కపక్కన పెట్టి చూద్దాం. వాటిని కొలవడానికి నేను వాడే కొలబద్ద ఒకటే: ఏ దారిలో నడిస్తే యంత్రం చేసిన తప్పును పట్టుకునే శక్తి మీలో ఏటేటా పెరుగుతుందో అది మంచి దారి. జీతం, హోదా ముఖ్యమే, కానీ ఆ తర్వాత.

## ముందు పనిని విడదీయండి

ఒక వారం పాటు మీరు చేసే ప్రతి పనినీ కాగితం మీద రాయండి. "రిపోర్టులు తయారుచేయడం" అని ఒక్క మాటలో తేల్చేయవద్దు. అంకెలు తెప్పించుకోవడం, వాటిలో పొసగని వాటిని గుర్తించడం, సంబంధిత వ్యక్తికి ఫోను చేసి కారణం కనుక్కోవడం, పట్టిక వేయడం, దాని అర్థాన్ని పై అధికారికి వివరించడం: ఇవి అయిదు వేర్వేరు పనులు. యంత్రానికి వీటిలో ఒకటి చాలా తేలిక, మరొకటి దాదాపు అసాధ్యం.

ఏది తేలిక, ఏది కష్టం అన్న లెక్క ఈమధ్య మారింది. 2003లో డేవిడ్ ఆటర్, ఫ్రాంక్ లెవీ, రిచర్డ్ మర్నేన్ అనే ఆర్థికవేత్తలు ఒక స్పష్టమైన గీత గీశారు. అంచెలంచెలుగా నియమాల రూపంలో రాయగలిగిన పని కంప్యూటర్‌కు పోతుంది, రాయలేని పని మనిషికి మిగులుతుంది. దాదాపు ఇరవై ఏళ్లు ఆ గీత బాగానే పనిచేసింది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక అది చెరిగిపోయింది. ఉత్తరం రాయడానికి, సారాంశం తీయడానికి, ప్రోగ్రాం చిత్తుప్రతి తయారుచేయడానికి ఎవరూ నియమాలు రాసి ఇవ్వలేదు. కోట్ల కొద్దీ ఉదాహరణల నుంచి యంత్రమే ఒరవడి పట్టుకుంది. అంటే, కుర్చీలో కూర్చుని బుర్రతో చేసే పని కాబట్టి భద్రం అనుకోవడానికి ఇక వీల్లేదు.

అయితే 1988లో రోబో శాస్త్రవేత్త హాన్స్ మొరావెక్ చెప్పిన మాట మాత్రం ఇప్పటికీ చాలావరకు నిలిచే ఉంది. పెద్దవాళ్లు తెలివికి గుర్తుగా భావించే పరీక్షల్లో కంప్యూటర్‌ను గెలిపించడం సులువు. ఏడాది పిల్లకు ఉండే చూపు, కదలిక దానికి నేర్పడం మాత్రం మహా కష్టం.

అందుకని మీ జాబితాలోని ఒక్కొక్క పనిని ఇలా పరీక్షించండి. ఈ పనికి కావలసిన సమాచారమంతా తెర మీదే ఉందా, లేక మనుషుల దగ్గరకు వెళ్లి, వస్తువును చేత్తో తాకి తెలుసుకోవాలా? ఫలితం సరైనదో కాదో చప్పున తేల్చవచ్చా, నెలలు ఆగితే గాని తెలియదా? తప్పు జరిగితే నష్టపోయేది ఎవరు, జవాబు చెప్పవలసింది ఎవరు? సమాచారమంతా తెర మీదే ఉండి, ఫలితాన్ని చప్పున సరిచూడగలిగి, తప్పు వల్ల పెద్ద నష్టం లేని పనులు ముందు పోతాయి. వాటిని కాపాడుకోవడానికి శ్రమపడవద్దు.

మరో ప్రశ్న కూడా ఉంది, దాన్ని చాలామంది మరచిపోతారు. మనుషులు అసలు మీ దగ్గరకు రావలసిన అవసరం నిలిచి ఉంటుందా? బ్యాంకు క్యాషియర్ల కథ ఇందుకు మంచి పాఠం. అమెరికాలో ఏటీఎంలు వచ్చాక నగరాల్లో ఒక్కో శాఖకు కావలసిన క్యాషియర్ల సంఖ్య సుమారు 20 నుంచి 13కు తగ్గిందని ఆర్థికవేత్త జేమ్స్ బెస్సెన్ చూపించారు. కానీ శాఖ నడపడం చవక కావడంతో బ్యాంకులు మరిన్ని శాఖలు తెరిచాయి, క్యాషియర్ల మొత్తం సంఖ్య దశాబ్దాల పాటు తగ్గలేదు. కొత్త యంత్రాలు ఉద్యోగాలను పోగొట్టవని వాదించేవారు ఈ కథను ఇక్కడితో ఆపేస్తారు. తర్వాత ఫోనులో బ్యాంకింగ్ వచ్చింది, అప్పుడు సంఖ్య తగ్గడం మొదలైంది. ఏటీఎం ఆ ఉద్యోగంలో ఒక ముక్కను తీసుకుంది. ఫోను శాఖకు రావలసిన అవసరాన్నే తీసేసింది. మీ పనికి వస్తున్నది ఏటీఎం లాంటి మార్పా, ఫోను లాంటి మార్పా అన్నది తేల్చుకోండి. మొదటిదైతే ఉన్నచోట ఉండి సర్దుకోవచ్చు, రెండోదైతే ఎంత నైపుణ్యం ఉన్నా అక్కడ ఉండిపోవడం మంచిది కాదు.

## ఉన్నచోటే ఉండి ఏఐతో పనిచేయడం

ఎక్కువమందికి తగిన దారి ఇదే. ఖర్చు తక్కువ, వెనక్కి రావడం సులువు, ఇన్నేళ్ల అనుభవం వృథా కాదు. కానీ దీన్ని గురించి జరుగుతున్న ప్రచారంలో సగమే నిజం, ఆ రెండో సగం మీద కాస్త ఎక్కువసేపు నిలబడాలి.

లాభాల సాక్ష్యం బలంగానే ఉంది. వినియోగదారుల సేవలో పనిచేసే అయిదు వేల పైచిలుకు ఉద్యోగుల మీద ఆర్థికవేత్త ఎరిక్ బ్రిన్యోల్ఫ్‌సన్ బృందం చేసిన అధ్యయనంలో, ఏఐ సాయంతో గంటకు పరిష్కరించిన సమస్యలు సగటున 14 శాతం పెరిగాయి. కొత్తగా చేరినవారిలో ఆ పెరుగుదల 34 శాతం. చేయి తిరిగినవారికి మాత్రం పెద్దగా ఒరిగింది లేదు. వృత్తి నిపుణులతో రాత పనులు చేయించి 2023లో ప్రచురించిన మరో ప్రయోగంలో, పట్టే సమయం 40 శాతం తగ్గి, నాణ్యత 18 శాతం పెరిగింది.

ఇప్పుడు మిగతా సగం. ఒక పెద్ద నిర్వహణ సలహా సంస్థకు చెందిన 758 మందితో 2023లో ఒక ప్రయోగం జరిగింది. ఏఐకి చేతనైన పనుల్లో దాన్ని వాడినవారు ఎక్కువ పని, వేగంగా, మెరుగ్గా చేశారు. కానీ పరిశోధకులు కావాలనే ఏఐ సామర్థ్యానికి అవతల ఉన్న ఒక పనిని కూడా ఇచ్చారు. చూడడానికి అదీ మిగతా వాటిలాగే ఉంది. అక్కడ ఏఐ వాడినవారు సరైన జవాబు చేరే అవకాశం, వాడనివారి కంటే 19 శాతం పాయింట్లు తక్కువగా ఉంది. యంత్రం తడబడలేదు, తెలియదనలేదు. తప్పు జవాబును అంతే నమ్మకంగా, అంతే చక్కని భాషలో ఇచ్చింది.

2025లో అనుభవజ్ఞులైన 16 మంది ప్రోగ్రామర్ల మీద మెటర్ అనే పరిశోధన సంస్థ చేసిన ప్రయోగం ఇంకా ఆలోచింపజేస్తుంది. తమకు బాగా తెలిసిన ప్రాజెక్టుల్లో ఏఐ వాడినప్పుడు వారికి 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. పని పూర్తయ్యాక అడిగితే, తాము 20 శాతం వేగంగా చేశామనే వారు నమ్మారు. చిన్న ప్రయోగమే, ఆనాటి పనిముట్లతో చేసిందే. అయినా మన అనుభూతిని మనం నమ్మలేమన్న సంగతి అందులో తేటతెల్లంగా ఉంది. ఏఐతో మీ పని వేగం పెరిగిందో లేదో గడియారం చూసి తేల్చుకోండి.

అంతకంటే నన్ను కలవరపెట్టేది నైపుణ్యం అరిగిపోవడం. పోలండ్‌లో పెద్దపేగు పరీక్షలు చేసే వైద్యుల మీద 2025లో వచ్చిన అధ్యయనం చూడండి. కణుతులను గుర్తించే ఏఐ అలవాటయ్యాక, అది లేకుండా చేసిన పరీక్షల్లో ముప్పున్న కణుతులు కనిపెట్టిన రేటు 28.4 శాతం నుంచి 22.4 శాతానికి పడిపోయింది. వీరు విద్యార్థులు కారు, ఎంతో అనుభవం ఉన్న వైద్యులు. ఇలా జరగవచ్చని 1983లోనే మనస్తత్వ శాస్త్రవేత్త లిసాన్ బెయిన్‌బ్రిడ్జ్ హెచ్చరించారు. మామూలు పనిని యంత్రానికి అప్పగించి, అది విఫలమైనప్పుడు మాత్రమే మనిషి అందుకోవాలంటే, ఆ మనిషికి రోజూ ఉండవలసిన సాధన అప్పటికే పోయి ఉంటుందని ఆమె వాదన.

కాబట్టి ఈ దారి ఎంచుకున్నవారికి లోపల ఇంకొక ఎంపిక ఉంది. యంత్రంతో చిత్తుప్రతి రాయించి మీరు దిద్దడం ఒక పద్ధతి. మీరు రాసి, యంత్రంతో లోపాలు వెతికించడం మరో పద్ధతి. మొదటిది వేగం. రెండోది నెమ్మది, కానీ ఆలోచన మీది, చేవ మీలో ఉండిపోతుంది. మీకు పూర్తిగా పట్టుబడిన, పదేపదే వచ్చే పనులకు మొదటి పద్ధతి వాడండి. ఇంకా నేర్చుకుంటున్న పనులకు, మీ పేరు మీద బయటికి వెళ్లే పనులకు రెండోదే నా సలహా. కొత్తవారికి 34 శాతం లాభం అన్న అంకె చూసి ఎగిరి గంతేయకూడదన్నది అందుకే. ఆ లాభం యంత్రం అందుబాటులో ఉన్నంతసేపు పనిలో కనిపించే లాభం. అది మీ చేతికి వచ్చిన విద్య అవునో కాదో వేరే తేల్చుకోవాలి.

దిద్దడం అన్నది కూడా పైపైన చదవడం కాదు. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు న్యాయవాదులు, వారి సంస్థ కలిసి 5,000 డాలర్ల జరిమానా కట్టవలసి వచ్చింది. ఏఐ కల్పించిన, అసలు లేనే లేని తీర్పులను కోర్టుకు సమర్పించడమే కారణం. ఒక్కో తీర్పును వెతికి చూస్తే నిమిషాల్లో బయటపడే తప్పు అది. యంత్రం ఇచ్చిన ప్రతి పేరును, ప్రతి అంకెను మూలంలో చూసుకోవడానికి పట్టే సమయాన్ని కూడా లెక్కలో వేసుకోండి. అలా వేశాక కూడా సమయం ఆదా అయితేనే ఆ పనికి ఏఐ పనికొచ్చినట్టు.

## అదే రంగంలో బాధ్యత వైపు జరగడం

రెండో దారిలో రంగం మారదు, అందులో మీ స్థానం మారుతుంది. తయారుచేసే చోటు నుంచి నిర్ణయించే చోటుకు, లెక్క వేసే కుర్చీ నుంచి లెక్కకు జవాబు చెప్పే కుర్చీకి జరగడం.

2016లో ఏఐ పితామహుల్లో ఒకరిగా పేరున్న జెఫ్రీ హింటన్, ఎక్స్‌రే, స్కాన్ చిత్రాలు చదివే వైద్యులైన రేడియాలజిస్టులకు శిక్షణ ఇవ్వడం ఇక ఆపేయాలని, అయిదేళ్లలో, మహా అయితే పదేళ్లలో యంత్రాలే వారి కంటే బాగా చేస్తాయని అన్నారు. చిత్రాలు చదివే ఏఐ నిజంగానే ఎంతో మెరుగైంది. రేడియాలజిస్టుల అవసరం మాత్రం తగ్గలేదు, చాలా దేశాల్లో వారి కొరతే ఉంది. చిత్రం చదవడం వారి పనిలో ఒక భాగం. ఏ పరీక్ష చేయాలో నిర్ణయించడం, పాత చిత్రాలతో, రోగి చరిత్రతో పోల్చడం, తోటి వైద్యులతో చర్చించడం, చివరికి సంతకం పెట్టి బాధ్యత వహించడం మిగిలిన భాగం. హింటన్ యంత్రం శక్తిని సరిగానే అంచనా వేశారు, వృత్తిని మాత్రం ఒకే పనిగా చూశారు.

ఈ దారి మధ్య వయసువారికి బాగా కుదురుతుంది. రంగం లోపలి సంగతులు తెలిసి ఉండాలి, నమ్మే మనుషులు ఉండాలి, కొన్నిచోట్ల అర్హత పరీక్షలు రాయాలి, ఏళ్లు పడుతుంది. దీనిలో ఒక ప్రమాదం ఉంది: బాధ్యత మీకు ఇచ్చి, సరిచూసే సమయం ఇవ్వకపోవడం. యంత్రం రోజుకు వంద కాగితాలు తయారుచేస్తుంటే వంద సంతకాలు పెట్టించుకునే ఉద్యోగం ఎదుగుదల కాదు. తప్పు బయటపడిన రోజున నిందను మోయడానికి ఒక మనిషిని సిద్ధంగా ఉంచుకోవడం అది. అలాంటి పదోన్నతి వస్తే, ఒక్కో కాగితానికి ఎంత సమయం ఇస్తారో, కాదనే అధికారం మీకు ఉందో లేదో ముందే అడగండి.

## చేతి పని, సేవా వృత్తులు

ఏఐ ముట్టుకోలేని పనులకు మారిపోండి అనే సలహా ఇప్పుడు ఎక్కడ చూసినా వినిపిస్తోంది. కరెంటు పని, ప్లంబింగ్, నర్సింగ్, వృద్ధుల సంరక్షణ. ఈ సలహాలో బలం ఉంది. ప్రపంచ ఆర్థిక వేదిక 2025 నివేదిక 2030 నాటికి 17 కోట్ల కొత్త ఉద్యోగాలు వస్తాయని, 9.2 కోట్లు పోతాయని అంచనా వేసింది. సంఖ్యలో ఎక్కువగా పెరిగే వాటిలో వ్యవసాయ కార్మికులు, సరుకు చేరవేసే డ్రైవర్లు, నిర్మాణ పనివారు, నర్సులు ఉన్నారు. యాజమాన్యాలను అడిగి వేసిన అంచనా కాబట్టి అంకెలను పట్టుకుని వేలాడనక్కరలేదు, దిక్కు తెలిస్తే చాలు.

కానీ చేతి పనులన్నీ ఒక్కటి కావు. తేడా పరిసరాల్లో ఉంది. అమెజాన్ గిడ్డంగుల్లో 2025 నాటికి పది లక్షల రోబోలు చేరాయి. అక్కడ నేల చదును, దారులు గీసినవి, అరలు ఒకే కొలత, అంటే భవనమే రోబోకు అనువుగా కట్టినది. పాత ఇంట్లో గోడ వెనుక కారుతున్న గొట్టాన్ని వెతకడం వేరు, ఏ రెండు ఇళ్లూ ఒకేలా ఉండవు. కాబట్టి చేతి పనికి మారదలచినవారు, పరిసరాలు రోజూ మారే పనిని ఎంచుకోండి. ఒకే చోట, ఒకే కదలికను వెయ్యిసార్లు చేసే పని వైపు వెళ్లవద్దు.

ఇక సేవా వృత్తుల విషయం. నర్సింగ్, సంరక్షణ మనసుకు తృప్తినిచ్చే పనులే, కానీ శరీరాన్ని, నిద్రను అడుగుతాయి. సంరక్షణ పనికి చాలా దేశాల్లో జీతం తక్కువ. ఏఐ భయం ఒక్కటే కారణంగా ఈ వృత్తుల్లోకి వెళ్లేవారు ఎక్కువ కాలం నిలవలేరు, వారి చేతిలో ఉన్న రోగికీ అది న్యాయం కాదు. మనుషులకు దగ్గరగా ఉండి చేసే పని మీకు నిజంగా నచ్చుతుందా అన్నది ముందు కొన్నాళ్లు స్వచ్ఛందంగా పనిచేసి చూసుకోండి. నచ్చితే ఇంతకంటే గట్టి నేల మరొకటి కనబడదు.

## ఏఐ రంగంలోకే వెళ్లడం, సొంతంగా పనిచేయడం

ఈ రెండింటి గురించి క్లుప్తంగా చెబితే చాలు.

ఏఐని తయారుచేసే పనికి గణితం, ప్రోగ్రామింగ్, ఏళ్ల సాధన కావాలి, ఆ ఉద్యోగాల సంఖ్య కూడా తక్కువ. ఇష్టం, బలం ఉన్నవారు తప్పక వెళ్లండి. ప్రోగ్రామింగ్ నేర్చుకుంటే ఏఐ ధాటి నుంచి తప్పించుకోవచ్చన్న ఆశతో మాత్రం వెళ్లవద్దు. అమెరికాలో జీతాల లెక్కల ఆధారంగా స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2025లో చూపినదాని ప్రకారం, 22 నుంచి 25 ఏళ్ల వయసున్న సాఫ్ట్‌వేర్ డెవలపర్ల ఉద్యోగాలు 2022 చివరి నాటి శిఖరం నుంచి దాదాపు 20 శాతం తగ్గాయి. ఏఐకి నేర్పడానికి బొమ్మల్లో, వాక్యాల్లో ఏముందో గుర్తులు పెట్టే పని కూడా ఏఐ ఉద్యోగం పేరుతోనే వస్తుంది, దాన్ని వేరుగా చూడండి. రాబడి కోసం చేయవచ్చు, అది చాలా సందర్భాల్లో ఒక్కో ముక్కకు ఇంత అని ఇచ్చే కూలి. ఎదగడానికి అందులో మెట్లు తక్కువ.

సొంతంగా ఫ్రీలాన్సింగ్ చేయడం ఏఐ వల్ల సులువైంది, పోటీ కూడా అంతే సులువైంది. మీ దగ్గర నేరుగా పని తెచ్చే మనుషులు ఉంటే ఆలోచించండి. ఎవరో తెలియనివారి కోసం, ఆన్‌లైన్ వేదిక మీద, తక్కువ ధరతో పోటీపడి చేసే రాత, బొమ్మల పనుల మీద దెబ్బ ముందే పడింది.

## మీరు ఏ దశలో ఉన్నారు

ఇక్కడ అందరికంటే ఎక్కువగా ఆలోచించవలసింది ఇప్పుడే చదువు ముగించినవారి గురించి. పైన చెప్పిన స్టాన్‌ఫర్డ్ అధ్యయనంలోనే, ఏఐ ప్రభావం బాగా ఉన్న వృత్తుల్లో ఈ వయసువారి ఉపాధి, మిగతా వారితో పోల్చితే 13 శాతం తగ్గిందని తేలింది. అదే వృత్తుల్లో ఉన్న పెద్దవారి ఉద్యోగాలు నిలకడగా ఉన్నాయి, కొన్నిచోట్ల పెరిగాయి కూడా. కారణం ఊహించవచ్చు. పుస్తకాల్లో రాసి ఉన్న జ్ఞానాన్ని యంత్రం నేర్చుకుంది, కొత్తగా వచ్చిన యువత దగ్గర ఉన్నది ముఖ్యంగా ఆ జ్ఞానమే. పని చేస్తూ చేస్తూ వంటబట్టే విద్య పెద్దవారి దగ్గర ఉంది. కానీ ఆ పెద్దవారు కూడా ఒకప్పుడు చిన్న చిన్న పనులు చేసి, తిట్లు తిని, దిద్దించుకుని పెద్దవారయ్యారు. ఆ చిన్న పనులను యంత్రానికి ఇచ్చేసిన సంస్థలు, పదేళ్ల తర్వాత సరిచూడగల మనుషులు ఎక్కడి నుంచి వస్తారో ఆలోచించడం లేదు. ఇది యువత తప్పు కాదు. దాని భారం మాత్రం వారి మీదే పడుతోంది.

కాబట్టి మొదటి ఉద్యోగం వెతుకుతున్నవారు ఇంటర్వ్యూలో జీతంతో పాటు ఇవి అడగండి. నా పనిని ఎవరు చూస్తారు, ఎంత తరచుగా చూస్తారు? కొత్తవారు మొదటి ఏడాది సొంతంగా ఏయే పనులు చేస్తారు? రెండు అవకాశాలు వచ్చాయనుకుందాం. ఒకచోట జీతం ఎక్కువ, కానీ యంత్రం ఇచ్చినదాన్ని ముందుకు పంపడమే పని. మరోచోట జీతం తక్కువ, కానీ అనుభవం ఉన్న మనిషి ప్రతి వారం మీ పని చూసి దిద్దుతారు. ఇంటి పరిస్థితి ఒప్పుకుంటే రెండోదే తీసుకోండి. ఒప్పుకోకపోతే, అప్పులో, మీ మీద ఆధారపడినవారో ఉంటే, మొదటిది తీసుకోవడంలో తప్పేమీ లేదు. అప్పుడు దిద్దే మనిషిని బయట వెతుక్కోండి: పాత అధ్యాపకులు, వృత్తి సంఘాలు, ఉచితంగా అందరూ కలిసి నడిపే సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులు. వారానికి ఒక్క పనినైనా మొదటి నుంచి చివరి దాకా యంత్రం లేకుండా చేసి, వారికి చూపించండి.

మధ్య వయసులో ఉన్నవారికి ఇల్లు, పిల్లలు, వాయిదాలు ఉంటాయి. ఉద్యోగం మానేసి రెండేళ్ల కోర్సులో చేరడం ధైర్యంగా కనిపిస్తుంది, కానీ చాలామందికి అది అనవసరమైన సాహసం. ఉన్న పనిలో పోయే గంటలను ముందు గుర్తించి, ఆ ఖాళీలోకి బాధ్యత వైపు ఉన్న పనిని కొంచెం కొంచెంగా తెచ్చుకోవడం మేలు. రంగానికి రావలసిన పనే ఎండిపోతున్న గుర్తులు కనిపిస్తే మాత్రం ఆలస్యం వద్దు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు.

పదవీ విరమణకు పదేళ్ల లోపు ఉన్నవారి దగ్గర, యంత్రం తప్పును చూడగానే "ఇది ఇలా ఉండదే" అనిపించే చూపు ఉంటుంది. సంస్థలకు దాని విలువ తెలియకపోతే తెలియజెప్పండి. పనిముట్టు నేర్చుకోవడానికి సిగ్గుపడనక్కరలేదు, వేగంలో కుర్రవాళ్లతో పోటీపడనూ అక్కరలేదు.

## కోర్సులకు డబ్బు పెట్టే ముందు

ఏ దారిలో వెళ్లినా ఎవరో ఒకరు మీకు ఒక కోర్సు అమ్మజూపుతారు. ఫలానా పనిముట్టులో ఏ మీట ఎక్కడ ఉందో, ఏఐకి ఇచ్చే ఆదేశం (ప్రాంప్ట్) ఎలా రాయాలో మాత్రమే నేర్పేవి నెలల్లో పాతబడతాయి. ఉచితంగా దొరికే పాఠాలు వాటికి చాలు. గణాంక శాస్త్రం మౌలికాంశాలు, మీ రంగంలో చట్టాలు, ప్రమాణాలు, స్పష్టంగా రాయడం, ఆధారాలను పరీక్షించడం నేర్పే కోర్సులు డబ్బుకు తగినవి. ఉద్యోగం గ్యారంటీ అన్నవారిని, గత బ్యాచ్‌లో ఎంతమందికి ఏ ఉద్యోగాలు వచ్చాయో రాతపూర్వకంగా చూపమనండి. చూపకపోతే లేచి రండి.

## యాజమాన్యం నిర్ణయం ప్రకటించినప్పుడు

మీ సంస్థ ఏఐని తెస్తున్నామని చెప్పగానే రాజీనామా రాయనవసరం లేదు. తొలి ప్రకటనలు తరచుగా మారతాయి. స్వీడన్‌కు చెందిన క్లార్నా అనే చెల్లింపుల సంస్థ, తన ఏఐ సహాయకుడు 700 మంది వినియోగదారుల సేవా ప్రతినిధుల పని చేస్తోందని 2024లో గొప్పగా ప్రకటించింది. 2025లో సేవ నాణ్యత తగ్గిందని ఒప్పుకుని, మళ్లీ మనుషులను తీసుకోవడం మొదలుపెట్టింది. మధ్యలో ఉద్యోగాలు కోల్పోయినవారికి ఆ మలుపు ఓదార్పు కాదు. అందుకే మార్పు మొదలైన వారంలోనే నోరు తెరవడం ముఖ్యం.

పై అధికారిని అడగవలసినవి కొన్ని ఉన్నాయి. పనిముట్టు తయారుచేసినదాన్ని ఎవరు సరిచూస్తారు? అందుకు వారికి పని వేళల్లో ఎన్ని గంటలు కేటాయిస్తారు? తప్పు జరిగితే ఎవరి పేరు ముందుకు వస్తుంది? ఆదా అయిన సమయంలో సిబ్బందికి ఏ కొత్త పని నేర్పుతారు? వీలైతే ఒక్కరే కాకుండా తోటివారితో కలిసి, మెయిల్‌లో అడగండి. సరిచూసే బాధ్యత ఎవరికీ కేటాయించలేదని తెలిస్తే, మీరు చేసిన పనుల జాబితా చూపి దాన్ని మీకు ఇమ్మని కోరండి. నాలుగింటికీ జవాబు దాటవేస్తుంటే, కొత్త ఉద్యోగానికి దరఖాస్తులు ఆ నెలలోనే పంపడం మొదలుపెట్టండి.